చెమట చెప్పని సంగతి

ముఖానికి హెడ్‌సెట్ తగిలించుకొని, చుట్టూ మరో లోకాన్ని చూస్తూ చరిత్ర, సాహిత్యం నేర్చుకొనే పద్ధతి కొన్ని విశ్వవిద్యాలయాలలో ప్రవేశించింది. పాఠం ఎంత పట్టిందో తెలుసుకోవడానికి విద్యార్థి వేళ్ళకు, మణికట్టుకు పరికరాలు అమర్చి నాడి వేగాన్నీ, చెమట వల్ల చర్మంలో పెరిగే విద్యుద్వాహకతనూ కొలుస్తున్నారు. నోటి మాటలో మొహమాటం ఉండవచ్చు గాని శరీరం అబద్ధమాడదన్నది దీని వెనుక వాదం. అలంకారశాస్త్రం చదువుకొంటున్న మనం ఈ వాదాన్ని పరిశీలించవలసి ఉంది.

శరీరంలోని మార్పును మనోభావానికి గుర్తుగా పట్టుకోవడం మనకు కొత్త విషయమేమీ కాదు. భరతుడు నాట్యశాస్త్రం ఏడవ అధ్యాయంలో స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అని ఎనిమిది సాత్త్విక భావాలు చెప్పాడు. పరీక్ష కోసం ఈ పేర్లు వల్లించి, వాటికి ఆయన చెప్పిన కారణాలను మనం వదిలేస్తుంటాం. ఆ కారణాలే ఇక్కడ ముఖ్యం. స్వేదం కోపం వల్ల, భయం వల్ల, సంతోషం వల్ల, సిగ్గు వల్ల కలుగుతుంది. శ్రమ వల్ల, రోగం వల్ల, ఎండ వల్ల కూడా కలుగుతుంది. కన్నీరు ఆనందానికీ శోకానికీ వస్తుంది. పొగకూ, ఆవులింతకూ, రెప్ప వేయకుండా చూడటానికీ వస్తుంది. ఒక గుర్తుకు ఒకటే అర్థమని ఆయన అనలేదు. పైగా ఇవి నటుడు ప్రదర్శించవలసినవి. రసనిష్పత్తికి విభావ, అనుభావ, వ్యభిచారి భావాల సంయోగం కావాలన్నాడే గాని, ప్రేక్షకుడి చెమటను ప్రమాణం చేయలేదు.

ఆధునిక శరీరశాస్త్రం చెప్పేదీ దీనికి దూరం కాదు. అరచేతి స్వేదగ్రంథులు సహానుభూత నాడీవ్యవస్థ అధీనంలో ఉంటాయి. మనసు ఉద్రేకపడిందని పరికరం చెప్పగలదు. అది భయమో సంతోషమో చెప్పలేదు. కన్ను కదలికను చూస్తుండగా లోచెవికి ఆ కదలిక తెలియకపోతే హెడ్‌సెట్ పెట్టుకొన్నవారికి వికారం పుడుతుంది, ముఖం పాలిపోతుంది, చెమట పడుతుంది. స్వేదం, వైవర్ణ్యం రెండూ కనిపించాయి గదా అని దానిని కరుణరసం అనగలమా?

2015లో వచ్చిన ‘క్లౌడ్స్ ఓవర్ సిడ్రా’ అనే చిన్న చిత్రం జోర్డాన్‌లోని జాతారీ శరణార్థి శిబిరంలో ఉన్న పన్నెండేళ్ళ సిరియా బాలిక జీవితాన్ని చుట్టూరా చూపిస్తుంది. దాని నిర్మాతల్లో ఒకరైన క్రిస్ మిల్క్ ఆ ఏడాదే ఈ మాధ్యమాన్ని సానుభూతి యంత్రంగా అభివర్ణించాడు. అయితే అనేక ప్రయోగాల ఫలితాలను కలిపి చూసి 2021లో ప్రచురించిన ఒక సమీక్షలో, ఈ మాధ్యమం ఎదుటివారి బాధకు చలించే గుణాన్ని పెంచుతుంది గాని ఎదుటివారి దృష్టితో ఆలోచించే శక్తిని పెంచినట్లు లేదని తేలింది. మానవీయశాస్త్రాల తరగతి నేర్పవలసింది ఆ రెండవదే.

ఈ చర్చ మన విద్యార్థులకు మరీ అవసరం. ఇంట్లో ఒక తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో, పాఠ్యగ్రంథంలో మరో తెలుగు. మనలో చాలామందికి పద్యం మొదటిసారి వినగానే తగలదు. నిఘంటువు చూసి, అన్వయం కుదుర్చుకొని, ఇంటికి వెళ్ళి మళ్ళీ చదివినప్పుడు ఎక్కడో మనసు కలుక్కుమంటుంది. గంట పాఠంలో తీసిన నాడి లెక్కలో ఆ క్షణం ఉండదు. ఆ లెక్కను బట్టి శ్రద్ధకు మార్కులు వేస్తే, ఆలస్యంగా అందుకొనే విద్యార్థి మొద్దు అనిపించుకొంటాడు. నిజానికి అందరికంటే ఎక్కువ పనిచేసినవాడు అతడే కావచ్చు.

ఈ కొలతలు పనికిరావని మేము అనడం లేదు. పాఠం ఎక్కడ తల తిప్పుతున్నదో, ఎక్కడ విరామం ఇవ్వాలో అవి చెప్పగలవు. విద్యార్థి అనుమతితో తీసుకొని, అతడు తన మాటల్లో రాసిన స్పందన పక్కన పెట్టి చూస్తే కొంత ఉపయోగం ఉంటుంది. విద్యార్థి మాటను తోసిపుచ్చి పరికరం మాటను నమ్మడమే మాకు అభ్యంతరం. చెమట ఎందుకు పట్టిందో తెలియాలంటే చివరికి ఆ మనిషినే అడగాలి.