సముద్రంలో అరణ్యం

గహీర్‌మఠను మన పత్రికలు 'సముద్ర అభయారణ్యం' అని రాస్తాయి. సముద్రంలో అరణ్యమేమిటని ఎవరూ అడగరు. పారిభాషిక పదాల్లో ఈపాటి అసంగతి మామూలే. అయితే ఈ మాట వెనుక ఉన్న భావన పరిరక్షణ విధానాన్ని కూడా నడిపిస్తున్నదని మా అభిప్రాయం. అందుకే దీన్ని పరిశీలించ దలచాము.

అభయం ఎవరి నుంచి? కౌటిల్యుని అర్థశాస్త్రంలో 'అభయవనం' ఉంది. అక్కడి మృగాలతోపాటు పక్షులకు, చేపలకు సైతం రక్షణ ఉంది. హింసించినవారికి ఉత్తమ దండన. అభయవనాల్లో కుటుంబీకులు చేసే అపరాధానికి మధ్యమం. మనిషికీ మనిషికీ తేడా ఉన్నదని ఆ గ్రంథం గుర్తించింది. నేటి భావన 'ప్రకృతి'ని ఒకవైపు, 'మనిషి'ని ఇంకొకవైపు నిలబెట్టి ఆ తేడాను చెరిపేస్తున్నది.

ఒడిశా ప్రభుత్వం 1997లో గహీర్‌మఠను సముద్ర అభయారణ్యంగా ప్రకటించింది. ధామ్రా, దేవి, ఋషికుల్య నదీముఖాల వద్ద ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల మేర చేపల వేటపై నిషేధం విధిస్తున్నారు. కారణం సబబైనదే. ఆలివ్ రిడ్లే తాబేలు గాలి పీల్చే జీవి. ట్రాలర్ వలలో చిక్కితే పైకి రాలేక చనిపోతుంది. కాని ఇది ఒక రకం వలను గురించిన కారణం, మనిషి ఉనికిని గురించినది కాదు. ట్రాలర్ యజమానినీ, తెప్ప మీద పోయేవాడినీ 'మత్స్యకారులు' అనే ఒక్క మాట కలిపేస్తుంది. నష్టం మాత్రం ఇద్దరికీ సమానం కాదు.

ఋషికుల్య మరో సంగతి చెబుతుంది. అక్కడ తాబేళ్లు మూకుమ్మడిగా గుడ్లు పెడతాయని శాస్త్రజ్ఞులు 1994లో గుర్తించారు. ఆ తీరాన్ని అభయారణ్యంగా ప్రకటించలేదు. గుడ్లకు కాపలా కాసి, దీపాల వెలుగుకు దారి తప్పిన పిల్లలను సముద్రంలో వదిలింది చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. మనుషులు లేనిచోటే ప్రకృతి క్షేమమనే సిద్ధాంతానికి ఈ అనుభవం లొంగదు.

మత్స్యకారులంతా నిర్దోషులని మేము అనడం లేదు. అయితే 1970 దశకం మొదటి సంవత్సరాల్లో గహీర్‌మఠ గుడ్ల సేకరణకు లైసెన్సులిచ్చింది ప్రభుత్వమేనన్నది మరవరాదు.

గంజాం తీరంలో ఒడియావారు 'నోలియా'లనే తెలుగు మత్స్యకారులు తరతరాలుగా ఉన్నారు. వేటచోట్లకు, గాలులకు, నీటి పోకడలకు వారు వాడే మాటలను సేకరించడం తెలుగు శాఖల పని. సముద్రాన్ని అరణ్యమనే వారికి, అది తమ బతుకుతెరువనే వారి భాష తెలియాలి. నిబంధనలు రాసేముందే తెలియాలి.