వేరే బల్ల మీది సర్వర్

ఆఫ్రికాలో ఇంటర్నెట్ నడిపే ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే ఒక వర్క్‌షాప్‌లో, ఇంటర్నెట్‌లో పేర్లకు అడ్రసులు చెప్పే డీఎన్ఎస్ మీద ఒక అభ్యాసం ఉంది. మీకంటూ ఒక డొమైన్ పెట్టుకోండి, దానికి మీ కంప్యూటర్ మీద ప్రైమరీ సర్వర్ నిలబెట్టండి, సెకండరీగా ఉండడానికి గదిలో ఇంకెవరినైనా ఒప్పించండి అంటుంది. అక్కడ ఒక షరతు పెడుతుంది: ఆ ఒప్పుకునే మనిషి మీ బల్ల దగ్గర కూర్చున్నవాడు కాకూడదు, వేరే బల్ల వాడై ఉండాలి.

ఆ ఒక్క షరతు కోసమే ఈ పాఠాల గురించి రాయాలనిపించింది. డొమైన్‌కి కనీసం రెండు నేమ్ సర్వర్లు ఉండాలన్నది అందరికీ తెలిసిన నియమమే. ఒకటి పడిపోతే రెండోది జవాబు చెబుతుందని. తెలిసి కూడా చాలాచోట్ల రెండింటినీ ఒకే గదిలో, ఒకే స్విచ్‌కి, ఒకే యూపీఎస్‌కి తగిలిస్తారు. కరెంటు పోతే రెండూ కలిసే పోతాయి. కాగితం మీద రెండు సర్వర్లు, పనిలో ఒకటే. సెకండరీలను దూరంగా, వేరే నెట్‌వర్క్‌లో పెట్టాలని 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2182 అనే ఇంటర్నెట్ మార్గదర్శక పత్రం వివరంగా చెబుతుంది. అది రాసిన నలుగురిలో ఒకరు ర్యాండీ బుష్. ఈ శిక్షణ సంప్రదాయానికి మూలపురుషుల్లోనూ ఆయన ఒకరు. తరగతి గదిలో ఖండాలూ సముద్రాలూ ఉండవు కదా, అందుకని బల్లనే ఊరు అనుకోమన్నారు. ఆ పత్రంలోని సారం ఒక్క వాక్యంలో, అదీ కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వేయించే వాక్యంలో ఇమిడిపోయింది.

లేచి వెళ్లడంలోనే ఇంకో పాఠం ఉంది. మలావీ నుంచి వచ్చిన మనిషి సెనెగల్ మనిషి దగ్గరికి వెళ్లి, నా డొమైన్‌కి కాస్త సెకండరీ పెడతారా అని అడగాలి. ఐపీ అడ్రసులు రాసుకోవాలి. ఇద్దరి ఫైళ్లలోనూ మార్పులు చేసుకోవాలి. దేశాల డొమైన్‌లు ఎన్నో ఇలాంటి మాటసాయం మీదే నడిచాయి. ఒక విశ్వవిద్యాలయం సర్వర్‌కి ఇంకో ఖండంలోని విశ్వవిద్యాలయం ఉచితంగా సెకండరీగా ఉండడం ఇంటర్నెట్‌లో పాత అలవాటు. ఎవరిని ఎలా అడగాలో, అడిగినప్పుడు ఏ వివరాలు చేతిలో ఉండాలో పుస్తకంలో దొరకదు.

తర్వాతి మెట్టు పై డొమైన్ నుంచి డెలిగేషన్ తెచ్చుకోవడం, అంటే మన డొమైన్‌కి సర్వర్లు ఫలానా అని అక్కడ రాయించుకోవడం. ఆ పై డొమైన్ పెత్తనం గురువుది. ఆయన్ని అడగబోయే ముందు ప్రైమరీనీ సెకండరీనీ 'డిగ్' కమాండ్‌తో విడివిడిగా ప్రశ్నించి, వచ్చిన జవాబులో 'ఏఏ' అనే జెండా ఉందో లేదో చూసుకోమంటుంది పాఠం. ఆ జెండా ఉంటే ఆ సర్వర్ సొంత హక్కుతో చెబుతున్నట్టు. లేకపోతే ఎక్కడో విన్నది అప్పజెబుతున్నట్టు. బయట ప్రపంచంలో ఎన్నో డొమైన్‌లు ఇది సరిచూసుకోకుండానే డెలిగేషన్ తీసుకుని, సగం పనిచేస్తూ సగం పనిచేయకుండా ఏళ్లు గడిపేస్తుంటాయి.

ఇక జోన్ ఫైల్. డొమైన్‌లోని పేర్లూ వాటి అడ్రసులూ రాసి ఉండే మామూలు టెక్స్ట్ ఫైల్ ఇది. పూర్తి పేరు రాసినప్పుడు చివర ఒక చుక్క పెట్టాలి. పెట్టకపోతే, ఇది సగం పేరే కాబోలు అనుకుని సర్వర్ డొమైన్ పేరు వెనక తగిలిస్తుంది. 'మెయిల్.కంపెనీ.కామ్' అని చుక్క లేకుండా రాస్తే అది 'మెయిల్.కంపెనీ.కామ్.కంపెనీ.కామ్' అయి కూర్చుంటుంది. వ్యాకరణం ప్రకారం అందులో తప్పేమీ లేదు గనక సర్వర్ నోరెత్తదు. మెయిల్ మాత్రం రాదు. ఇంకోటి సీరియల్ నంబరు. తేదీకి రెండంకెలు కలిపి, 2024051501 మాదిరిగా రాయడం వాడుక. ఫైల్‌లో ఏ మార్పు చేసినా ఈ అంకె పెంచాలి. అంకె పెరిగిందని చూసుకున్నాకే సెకండరీ కొత్త ఫైల్ లాక్కుంటుంది. పెంచడం మరిచిపోతే ప్రైమరీ కొత్త అడ్రసు చెబుతుంది, సెకండరీ పాత పాటే పాడుతుంది. అడిగినవాడికి ఏది తగిలితే అది.

వేరే బల్ల షరతు ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. సెకండరీ మీ కంప్యూటర్ పక్కనే ఉంటే మీరే లాగిన్ అయి చక్కబెట్టేసుకుంటారు, సంగతి అంతటితో పోతుంది. అది అవతలి మనిషి చేతిలో ఉంది. నీ మార్పు నాకింకా రాలేదయ్యా అని ఆయన అక్కడినుంచి చెప్పాలి. ఏ ఫైల్‌లో, ఏ వరుసలో తప్పుందో ఇద్దరూ కలిసి వెతకాలి. అలా ఒకసారి వెతికినవాడు సీరియల్ నంబరు మరిచిపోవడం కష్టమే.

ఈ వర్క్‌షాప్ నడిపేది ఆఫ్రికన్ నెట్‌వర్క్ ఆపరేటర్స్ గ్రూప్. అందరూ ఆఫ్‌నాగ్ అంటారు. 2000లో కేప్‌టౌన్‌లో మొదలైంది. తర్వాత అక్రా, లోమే, కంపాలా, డకార్, మపూటో ఇలా ఏటా ఒక దేశానికి వెళ్లింది. దీనికి ముందు తరం శిక్షణ ఇంటర్నెట్ సొసైటీ వాళ్లది. 1993లో స్టాన్‌ఫర్డ్‌లో మొదటిది జరిగింది, జార్జ్ సడావ్‌స్కీ దాన్ని నడిపించినవారిలో ముఖ్యుడు. ఆ తర్వాత ప్రాగ్, హోనలూలూ, మాంట్రియల్. పేద దేశాల ఇంజనీర్లు విమానమెక్కి అంత దూరం వెళ్లి నేర్చుకుని వచ్చేవారు. ఘనాకి చెందిన నీ క్వేనర్ వంటివాళ్లు ఆ బడిని ఆఫ్రికాకే తెచ్చారు. ఆయన అమెరికాలో చదివి, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో పనిచేసి, ఘనా తిరిగొచ్చి దేశంలో ఇంటర్నెట్ సేవలు మొదలుపెట్టినవాడు. 2007లో ఆయనకు జొనాథన్ పోస్టెల్ అవార్డు ఇచ్చారు.

ఆఫ్‌నాగ్‌ని వెనక నుంచి నిలబెట్టిన చెయ్యి అమెరికాలోని ఆరెగన్ విశ్వవిద్యాలయంలో ఉన్న నెట్‌వర్క్ స్టార్టప్ రిసోర్స్ సెంటర్ది. 'స్టార్టప్' అన్నది చూసి కంపెనీ అనుకోకండి, నెట్‌వర్క్ లేనిచోట నెట్‌వర్క్ మొదలుపెట్టించడం అని అర్థం. 1980ల చివర్లో ర్యాండీ బుష్ స్వచ్ఛందంగా దక్షిణాఫ్రికా వాళ్లకు సాయం చేస్తూ మొదలుపెట్టిన పని అది. గ్రాహమ్స్‌టౌన్‌లోని రోడ్స్ విశ్వవిద్యాలయం నుంచి ఈమెయిల్ ఫోన్ లైన్ మీద పోర్ట్‌లండ్‌లో ఆయన ఇంటికి చేరి, అక్కడినుంచి ప్రపంచంలోకి వెళ్లేది. 1991లో దక్షిణాఫ్రికా మొదటి ఇంటర్నెట్ లైన్ తగులుకున్నదీ ఆ ఇంట్లోనే. ఒక దేశానికి బయటి ద్వారం ఒక మనిషి ఇల్లు! 1992 నుంచి అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బు తోడై ఆ పని ఒక సంస్థగా నిలబడింది.

చరిత్ర పక్కన పెట్టి రూటింగ్ పాఠానికి వద్దాం. ఇక్కడ ఒక్కో జట్టుకి ఒక్కో రూటర్ ఇస్తారు. మొదట దారులన్నీ చేత్తో రాయిస్తారు. చేత్తో రాయడం ఎంత విసుగో తెలిశాక, దారులు రూటర్లే తమలో తాము తెలుసుకునే ఓఎస్‌పీఎఫ్ నేర్పుతారు. తర్వాత ప్రతి జట్టూ సొంత నంబరున్న ఒక నెట్‌వర్క్ అయిపోయి, నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే బీజీపీలో పక్క జట్లతో మాట్లాడడం మొదలెడుతుంది. చివరికి గదిలో ఒక ఎక్స్‌ఛేంజ్ వెలుస్తుంది. అందరూ ఒక స్విచ్ దగ్గర కలిసి, ఎవరి ట్రాఫిక్ వాళ్లు నేరుగా ఇచ్చిపుచ్చుకుంటారు.

ఎక్స్‌ఛేంజ్‌కి అంత ప్రాధాన్యం ఎందుకో ఎక్స్‌ఛేంజ్ లేని రోజుల నైరోబీని చూస్తే తెలుస్తుంది. ఒకే వీధిలో ఉన్న రెండు కంపెనీల మధ్య ఈమెయిల్ ఉపగ్రహం ఎక్కి యూరప్‌కో అమెరికాకో పోయి, మళ్లీ ఉపగ్రహం ఎక్కి వెనక్కి రావాలి. భూస్థిర ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఒకసారి ఎక్కి దిగడానికే పావు సెకను. వెళ్లేటప్పుడు రెండుసార్లు, జవాబు వచ్చేటప్పుడు రెండుసార్లు లెక్కేస్తే, వీధి దాటడానికి ఒక సెకను. పైగా ఆ దారికి డాలర్లలో అద్దె. కెన్యా ఎక్స్‌ఛేంజ్ 2000 చివర్లో మొదలైతే, తన గుత్తాధిపత్యానికి భంగమంటూ టెల్కామ్ కెన్యా ఫిర్యాదు చేసింది. నియంత్రణ సంస్థ కొద్ది రోజులకే మూయించింది. 2002లో గాని మళ్లీ తెరుచుకోలేదు. గదిలో స్విచ్‌కి వైరు గుచ్చడం అరగంట పని. బయట ఆ వైరు చుట్టూ ఎంత వ్యవహారం ఉంటుందో అక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి ముందే తెలుసు.

ఈ పాఠాలకు ఇంత బిగువు రావడానికి కారణం నేర్చుకునేవాళ్ల ఆ అనుభవమేననిపిస్తుంది. మన హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సులు ఇంటర్వ్యూ దాటించడం కోసం. ఆ పని అవి చక్కగానే చేస్తాయి. ఆఫ్‌నాగ్‌కి వచ్చేవాడికి ఉద్యోగం ముందే ఉంది. వారం తిరిగేసరికి వెనక్కి వెళ్లి నడపాల్సిన నెట్‌వర్క్ ఉంది, అది పడిపోతే తిట్టే మనుషులున్నారు.

నెట్‌వర్క్ మీద నిఘా పెట్టడం ఎలాగో నేర్పే వర్క్‌షాప్ వేరుగా ఉంది. అది ఒక చిన్న లెక్కతో మొదలవుతుంది. 99.9 శాతం పనిచేయాలి అంటే నిజంగా ఎంత? నెలకి 30.5 రోజులు, రోజుకి 24 గంటలు, మొత్తం 732 గంటలు. అందులో వెయ్యో వంతు 44 నిమిషాలు. మీ నెట్‌వర్క్ నెలలో 44 నిమిషాలకు మించి ఆగకూడదన్నమాట. ఆగిందో లేదో, ఎంతసేపు ఆగిందో కొలిచే సాధనం మీ దగ్గర ఉందా? లేకపోతే ఆ 99.9 ఊరికే బోర్డు మీద రాతే. ఈ లెక్క కట్టించాకే నాగియోస్, కాక్టై, స్మోక్‌పింగ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కటీ ముందు పెడతారు.

నాగియోస్ పాఠంలో 'పేరెంట్స్' అనే భాగం నాకు చాలా నచ్చింది. నాగియోస్ సర్వర్లను మాటిమాటికీ పలకరిస్తూ, పలకనిదాని గురించి మెయిల్ పంపుతుంది. నడుమ ఒక రూటర్ పోతే దాని వెనకున్న యాభై సర్వర్లూ పలకవు. అర్ధరాత్రి యాభై మెయిళ్లు వచ్చిపడతాయి. చదివేవాడు విసిగి, ఆ మెయిళ్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి తోసేస్తాడు. ఆ తర్వాత నిజంగా ఏదైనా పోయినా చూడడు. అందుకని ఏది దేని వెనక ఉందో నాగియోస్‌కి చెప్పడం నేర్పుతారు. అప్పుడు రూటర్ పోయిందని ఒకే మెయిల్ వస్తుంది. వెనకున్నవి పడిపోలేదు, అందడం లేదంతే అని నాగియోస్ విడిగా గుర్తిస్తుంది. పరికరానికి మర్యాద నేర్పడమంటే ఇదే. పరాకు పడే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసిన పాఠమిది.

ఆ శ్రద్ధ అక్షరాల దాకా వెళ్లింది. ప్రతి అభ్యాసం మొదట్లో ఒక గమనిక ఉంటుంది. డాలర్ గుర్తుతో మొదలయ్యే కమాండ్ మామూలు వినియోగదారుగా కొట్టాలి, హాష్ గుర్తుతో మొదలయ్యేది రూట్‌గా కొట్టాలి, రూటర్ పేరుతో మొదలైతే రూటర్ మీద కొట్టాలి. ఏ కంప్యూటర్ మీద, ఏ హోదాలో ఉన్నావో మరిచిపోయి కమాండ్ కొట్టడం ఈ వృత్తిలో అతి పాత ప్రమాదం. చదివేవాడికి ఇంగ్లీషు అంతంత మాత్రమే అయినా ఆ గుర్తు చూసి సర్దుకుంటాడు.

లోపాలు లేవని కాదు. డీఎన్ఎస్, మెయిల్, వెబ్, రేడియస్ అన్నీ కొద్ది రోజుల్లో కూరితే ఎవరికైనా తల తిరుగుతుంది. ఫ్రెంచ్‌లోనూ తరగతులు నడిపారు గాని, పోర్చుగీసు మాట్లాడే దేశాలవాళ్లకు భాష ఇబ్బందే. ఇక ఎగ్జిమ్ వంటి మెయిల్ సర్వర్ మీద అంత సమయం పెట్టాలా అన్నది న్యాయమైన ప్రశ్న, ఎందుకంటే ఈలోగా ఎన్నో విశ్వవిద్యాలయాలు తమ మెయిల్‌ని గూగుల్‌కో మైక్రోసాఫ్ట్‌కో అప్పజెప్పేశాయి. నేనైతే పెట్టాలనే అంటాను. మెయిల్ ఎవరి దగ్గర పెట్టినా, అది స్పామ్‌లో పడకుండా, మెయిల్ నిజంగా మనదేనని చెప్పే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు మనమే మన జోన్‌లో రాయాలి. మెయిల్ ఎలా నడుస్తుందో తెలియకుండా రాసిన ఎస్‌పీఎఫ్ రికార్డు సొంత మెయిల్‌నే ఆపేయగలదు.

పాఠాలు మారుతూనే ఉన్నాయి. పాత అభ్యాసాలు ఎక్కువగా ఫ్రీబీఎస్‌డీ మీద ఉండేవి, తర్వాత ఉబుంటు వచ్చింది. ఒకప్పుడు బరువైన రూటర్లు, వైర్లు పెట్టెల్లో మోసుకెళ్లేవారు. ఇప్పుడు గదికి సరిపడా రూటర్లనూ సర్వర్లనూ ఒక చిన్న కంప్యూటర్‌లో వర్చువల్‌గా నడిపిస్తున్నారు. ఈ పాఠాలను వ్యాపారానికి వాడుకోనంతవరకూ ఎవరైనా తీసుకుని, మార్చుకుని, నేర్పుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ మీద ఉంచారు. ఒక ఏడు విద్యార్థిగా వచ్చినవాడు తర్వాతి ఏళ్లలో గురువు పక్కన సహాయకుడిగా నిలబడి, ఆపైన తానే గురువవుతాడు. 2003 జనవరిలో ఖాట్మండులో మొదలైన దక్షిణాసియా ఆపరేటర్ల బృందం సానాగ్‌లోనూ సమావేశానికి వర్క్‌షాప్ జోడించే ఈ పద్ధతే పాటిస్తున్నారు.

కొత్తగా చేరినవాటిలో, ఏ అడ్రసులు ప్రకటించే హక్కు ఎవరిదో సంతకంతో చెప్పే ఆర్‌పీకేఐ ఒకటి. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్ టెలికామ్ తన దేశంలో యూట్యూబ్‌ని ఆపబోయి, యూట్యూబ్ అడ్రసుల్లో కొన్ని తనవేనని ప్రపంచానికంతా ప్రకటించేసింది. దానికి బయటి దారి ఇచ్చే కంపెనీ సరిచూడకుండా ఆ మాట నమ్మి అందరికీ చెప్పింది. రెండు గంటలపాటు ఎన్నో దేశాల్లో యూట్యూబ్ అందలేదు. ఈ అడ్రసులు ప్రకటించే హక్కు ఫలానా నెట్‌వర్క్‌దే అని సంతకం చేసి ఉంచితే, వేరే నంబరుతో వచ్చిన ప్రకటనను, సంతకాలు సరిచూసే రూటర్ పట్టేస్తుంది. ఆ సంతకంలో, ఎంత చిన్న ముక్క వరకు ప్రకటించవచ్చో చెప్పే ఒక అంకె కూడా ఉంటుంది. ఎప్పుడైనా అవసరం పడుతుందిలే అని దాన్ని వదులుగా రాసుకోవాలని కొత్తవాళ్లకు అనిపిస్తుంది. అలా రాస్తే, మీరు ప్రకటించని చిన్న ముక్కను మీ నంబరు పెట్టుకుని ఇంకెవడో ప్రకటించినా అది చెల్లుతుంది. మీరు నిజంగా ప్రకటిస్తున్నది ఎంతో, అంతవరకే రాయాలి.