పొందిక ఎవరి కళ్ళకి?

స్త్రీల పుస్తకం అనగానే లేత గులాబీ అట్ట, దాని మీద సన్నటి తెల్లని అక్షరాల్లో రచయిత్రి పేరు. ఎంత సున్నితంగా ఉందో అంటారు చూసినవాళ్ళు. ఆ సున్నితత్వం వెనకున్న భావజాలం గురించి స్త్రీవాదులు చాలానే మాట్లాడారు. అసలు ఆ పేరు ఎవరికి కనిపిస్తోందన్నది మరో ప్రశ్న.

దీనికొక కొలత ఉంది. వెబ్ పేజీల కోసం 2008లో వచ్చిన డబ్ల్యుసిఎజి 2.0 ప్రమాణాల ప్రకారం, అక్షరానికీ దాని వెనకున్న రంగుకీ వెలుగులో తేడా మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. తెలుపు మీద నలుపుకి అది 21:1. వెబ్‌లో ‘పింక్’ అని పిలిచే రంగు మీద తెలుపుకి సుమారు 1.5:1 మాత్రమే. అదే పింక్ మీద మెరూన్ అక్షరాలు వేస్తే సుమారు 7:1 అవుతుంది. తప్పు గులాబీది కాదు, జోడీది.

వయసు పైబడ్డాక కంటిలోని కటకం పసుపుబారుతుంది, దగ్గరి దగ్గరి ఛాయల మధ్య తేడా మసకబారుతుంది. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియనివాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. కాబట్టి ఇది ఎవరో కొద్దిమంది మీద జాలితో చేసే పని కాదు.

బ్రిటన్‌లో ఓటుహక్కు కోసం పోరాడిన ఉమెన్స్ సోషల్ అండ్ పొలిటికల్ యూనియన్ 1908లో ఊదా, తెలుపు, ఆకుపచ్చ రంగుల్ని ఎంచుకుంది. ఊదా ఆత్మగౌరవానికీ, తెలుపు స్వచ్ఛతకీ, ఆకుపచ్చ ఆశకీ గుర్తులన్నారు ఎమెలీన్ పెథిక్ లారెన్స్. స్వచ్ఛత అనే మాటతో మనకి పేచీ ఉండొచ్చు. కానీ కూర్పులో ఆ తెలుపు చేసే పని వేరు. రెండు గాఢమైన రంగుల్ని విడదీసి దేన్నీ మరొకదానిలో కలిసిపోనివ్వదు. ఊరేగింపులో కనబడటమే కదా కావలసింది!

కళ్ళాపి చల్లిన నేల మీద తెల్లని ముగ్గు వేసే చేతులకి ఈ సంగతి కొత్త కాదు.

పొందికంటే ఒకటి ఇంకొకదానిలో కలిసిపోవటమే అన్న అర్థం ఎక్కడిది? ఇంట్లో ఆడదాన్ని సర్దుకుపొమ్మనేవాళ్ళదే. అట్ట మీద కూడా ఆమె పేరుని వెనక రంగులో సర్దుకుపొమ్మంటే ఎలా? పక్కపక్కనే ఉంటూ ఎవరి రూపం వాళ్ళు నిలుపుకోవటం కూడా పొందికే.

ముద్రణకి పంపేముందు అట్టని నలుపు తెలుపుల్లో ఒక జిరాక్స్ తీయించి, చేయి చాపి చూడండి. ఆమె పేరు చదవగలిగితే సరే. లేకపోతే రంగులు మార్చమని అడగండి.