కథ మర్జీనాది, పేరు ఆలీబాబాది

అరేబియన్ నైట్స్ అనగానే తెలుగు పాఠకుడికి గుర్తొచ్చేవి మాయాదీపం, ఎగిరే తివాచీ, పల్చటి ముసుగులో నాట్యమాడే సుందరి. తెలుగునాట చాలామందికి ముస్లిం స్త్రీ మొదట పరిచయమైంది పక్కవీధిలో కాదు, ఇలాంటి కథల్లో, పిల్లల పత్రికల బొమ్మల్లో, జానపద సినిమాల్లో. అందుకే ఈ కథలు మాకు కాలక్షేపం వ్యవహారం కాదు. మమ్మల్ని చూసే చూపు ఎక్కడ తయారైందో తెలియాలంటే వీటిని మళ్ళీ చదవాలి. అలా చదివితే మా ఇళ్ళ లోపలి సంగతులు కూడా బయటపడతాయి. వాటిని దాచిపెట్టి, బయటివాళ్ళని మాత్రమే తప్పుపట్టడం మాకు ఇష్టం లేదు.

ఆలీబాబా కథనే తీసుకుందాం. ఫ్రెంచి అనువాదకుడు ఆంత్వాన్ గలాన్ కంటే ముందటి అరబీ ప్రతి ఏదీ దీనికి దొరకలేదు. 1709లో హన్నా దియాబ్ అనే అలెప్పో యువకుడు పారిస్‌లో నోటితో చెబితే గలాన్ రాసుకున్నాడు. చెప్పినవాడు అరబ్ క్రైస్తవుడు, అచ్చువేసింది ఫ్రాన్సు, నింద మోసేది మేము. గలాన్ పుస్తకంలో ఈ కథ పేరులోనే 'ఒక దాసి చేతిలో హతమైన' నలభైమంది దొంగలు అని ఉంది.

ఆ దాసి మర్జీనా. ఆలీబాబా చేసిందల్లా చెట్టెక్కి 'ఖుల్ జా సిమ్‌సిమ్' అన్న మాట వినడం, బంగారం మోసుకురావడం. ముక్కలైన కాసిం శవాన్ని కుట్టించడానికి చెప్పులు కుట్టేవాడికి కళ్ళకు గంతలు కట్టి తెచ్చింది మర్జీనా. దొంగ తలుపు మీద గుర్తు పెడితే, వీధిలో మిగతా తలుపులకూ అదే గుర్తు పెట్టింది మర్జీనా. జాడీల్లో దాక్కున్న ముప్ఫై ఏడుగురిని సలసల కాగే నూనెతో చంపిందీ, నాట్యమాడుతూ నాయకుణ్ణి బాకుతో పొడిచిందీ మర్జీనాయే.

ఇంతా చేస్తే దక్కిందేమిటి? మొదట దాస్యం నుంచి విముక్తి, ఆ తర్వాత యజమాని కొడుకుతో పెళ్ళి. గుహ రహస్యం మాత్రం ఆలీబాబా తన కొడుక్కి చెప్పాడు. అది వాళ్ళ వంశంలో తరతరాలకూ అందింది. ప్రాణాలు నిలబెట్టిన మనిషికి మొగుడు దొరికాడు, ఖజానా తాళం దొరకలేదు.

తర్వాత చెప్పినవాళ్ళు ఆ కాస్త గౌరవం కూడా ఉంచలేదు. పేరులోంచి దాసి ఊడిపోయింది. 1956 తమిళ సినిమాకీ, ఎన్టీఆర్, జయలలిత నటించిన 1970 తెలుగు సినిమాకీ మిగిలిన పేరు ఆలీబాబా, నలభై దొంగలు. దొంగలకు పేరులో చోటుంది, వాళ్ళని ఓడించిన ఆడదానికి లేదు.

షహర్‌జాద్ సంగతీ అంతే. ఆమె చరిత్ర, కవిత్వం, వైద్యం చదివిన పండితురాలు. తోటి ఆడపిల్లల్ని కాపాడటానికి తానే రాజు దగ్గరికి వెళ్తానంటుంది. వద్దని బెదిరించడానికి వజీరైన తండ్రి ఒక కథ చెబుతాడు. భార్యను కర్రతో కొట్టి నోరు మూయించిన వ్యాపారి కథ అది. ఆమె వినలేదు, వెళ్ళింది. గలాన్ ముగింపులో రాజు ఆమె తెలివికీ ధైర్యానికీ మెచ్చి ప్రాణం విడిచిపెడతాడు. 1835లో కైరో దగ్గర బూలాక్‌లో అచ్చయిన అరబీ ప్రతిలో ఆమె ముగ్గురు కొడుకుల్ని ముందుకు తెచ్చి, వీళ్ళ కోసం బతకనివ్వమని అడుగుతుంది. నీ పవిత్రత చూసి ముందే క్షమించానంటాడు రాజు. వెయ్యిన్నొక్క రాత్రుల విద్వత్తు చివరికి తల్లితనం కింద, శీలం కింద అణిగిపోయింది. మొరాకో సామాజికవేత్త ఫాతిమా మెర్నిసీ 2001లో రాసిన పుస్తకంలో, పడమటి దేశాలు షహర్‌జాద్ మెదడు తీసేసి ఒళ్ళు మాత్రం ఉంచుకున్నాయని వాదించింది. నిజమే. కానీ కొడుకుల్ని కన్నందుకు, కట్టుబడి ఉన్నందుకు మాత్రమే ఆడదాన్ని మెచ్చుకోవడం మా ఇళ్ళలోనూ ఉంది.

1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళే విమానంలో ఏడుస్తున్న చిన్నపిల్ల, ఆమెను పెళ్ళాడిన ముసలి సౌదీవాడు దేశమంతా వార్త అయ్యారు. ఎంతోమంది దాన్ని అరబ్బు కథలాగే చదివారు. షేకు ఉన్నాడు, బందీ ఉంది, ఇంకేం కావాలి? పేదరికం, చదువులేమి, జోడే కీ రఖమ్ ఆ కథలో ఎవరికీ కనిపించలేదు. మెహర్ ఇవ్వాల్సింది పెళ్ళికొడుకు. మా షాదీఖానాల్లో మాత్రం మెహర్ కాగితం మీద ఉంటుంది, జహేజ్ లారీ ఎక్కుతుంది. షరీఅత్ ప్రకారం కూతురికి కొడుకు వాటాలో సగం రావాలి. ఆ సగాన్ని కూడా అన్నదమ్ములు 'మాఫ్' చేయించుకుంటారు. జర్దోజీ పనితో, గాజుల పనితో ఇల్లు నడిపే మర్జీనాలు పాతబస్తీ గల్లీల్లో ఎంతోమంది. ఇంటి పట్టా మీద వాళ్ళ పేరు వెతకండి.

ఈ కథల్ని తిరగరాయడం కొత్తేమీ కాదు. బేగం రొఖయా 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు పత్రికలోనే వచ్చింది. అందులో ఆడవాళ్ళు శాస్త్రజ్ఞులు, మగవాళ్ళు పరదాలో ఉంటారు. గోడ మాత్రం అలాగే ఉంది, లోపలున్నవాళ్ళు మారారంతే. అయినా ఆ గోడ దైవనిర్ణయం కాదని చూపించింది. అల్జీరియా రచయిత్రి అసియా జబార్ 1987 నవలలో షహర్‌జాద్‌ను మేలుకొలిపే చెల్లెలి పాత్రను ముందుకు తెచ్చింది. ఒక ఆడది బతకాలంటే ఇంకొక ఆడది మేలుకొని ఉండాలని ఆమెకు తెలుసు. తెలుగులో ఓల్గా 'విముక్త'లో రామాయణ స్త్రీల కోసం ఇలాంటి పనే చేసింది.

మర్జీనా కోసం ఆ పని మేము చెయ్యాలి. మమ్మల్ని ఉద్ధరించే కథలూ, మా తప్పుల్ని కప్పిపుచ్చే కథలూ రెండూ మాకు వద్దు. ఇకపై మర్జీనా కథ చెప్పేవాళ్ళు పెళ్ళి దగ్గర ఆపొద్దు. గుహ తలుపు మంత్రం ఆమెకు చెప్పారా లేదా అని ఆలీబాబాని అడగాలి, అతని కొడుకునీ అడగాలి.