వరుస పంక్తులలోని సమాంతరము

లూపులు లేని కోడునందు ఒకదాని వెనుక నొకటిగా నున్న నాలుగు కూడికలలోని పోలికను కనిపెట్టి, వానిని ఒక్క ఆదేశముగా కూర్చగల కంపైలరు నిర్మాతల విద్య మిక్కిలి ప్రశంసాపాత్రము. 2000వ సంవత్సరమున ఎం.ఐ.టి.కి చెందిన శామ్యూల్ లార్సెన్, సమన్ అమరసింఘేలు ప్రతిపాదించిన ఈ భావమును నేడు జీసీసీ, ఎల్‌ఎల్‌వీఎం అను కంపైలర్లు రెండును వినియోగించుచున్నవి. మెమరీలో ప్రక్కప్రక్క స్థానములకు చేరు విలువలతో నారంభించి, అవి యెచ్చటనుండి పుట్టినవో వెనుకకు వెదకుచు, 32 బిట్ల సంఖ్యలు నాల్గింటిని 128 బిట్ల రిజిస్టరునందు చేర్చుట ఎల్‌ఎల్‌వీఎం అవలంబించు పద్ధతి. అసలు నేర్పంతయు దాని తరువాతిదే. ఒక కూడికలో తారుమారైన పదములను, ఫలితము చెడకుండ స్థానము మార్చి, పొరుగు కూడికలోని తగిన పదముల సరసన నిలుపవలెను. ఏ జత మేలైనదో ఒక్క మెట్టుతో నాగక మరికొన్ని మెట్లు పరికించి నిర్ణయింపవలెను. చెదరియున్న విలువలను ప్రోగుచేయుటకగు వ్యయము లాభమును మించినచో, అంతవరకు కూర్చినదానినంతయు విడిచిపెట్టి మూలమును యథాతథముగా నుంచవలెను. ఈ సంయమమునే నేను మిక్కిలి గౌరవింతును.