ఐసు మీద రాతి పని

కర్లింగ్ ఆటలో ఐసు మీద జారించే రాయిని బోర్లా తిప్పి చూస్తే గానీ దాన్ని చేసినవాళ్ల పనితనం తెలియదు. పైనుంచి చూస్తే గుండ్రటి గ్రానైట్ దిమ్మ, దానికో పిడి, అంతే. అడుగున మాత్రం మధ్యభాగమంతా లోపలికి తొలిచి ఉంటుంది. ఆ గుంట చుట్టూ కొద్ది మిల్లీమీటర్ల వెడల్పున ఒక వలయం. 17 నుంచి 20 కిలోల దాకా తూగే ఆ రాయి ఐసును తాకేది ఆ వలయంతోనే. వింటర్ ఒలింపిక్స్‌లో పతకం ఎవరిదో తేలేది ఆ సన్నటి అంచు మీద.

మా గోదావరి డెల్టాలో ఐసంటే చేపలూ రొయ్యలూ గుర్తొస్తాయి. భీమవరం, ఆకివీడు వైపు ఫ్యాక్టరీల్లో చల్లబరిచిన ఉప్పునీటి తొట్టెల్లోకి నీళ్ల డబ్బాలు దించి దిమ్మలు కట్టిస్తారు. వాటిని పొడిచేసి సరుకు మధ్య పరుస్తారు. అక్కడ ఐసు చల్లగా ఉంటే చాలు, నునుపుతో ఎవరికీ పనిలేదు. ఇక రాయి సంగతి. మాది ఒండ్రు నేల, రాయి అరుదు. 1847లో కాటన్ దొర గోదావరి మీద ఆనకట్ట పనులు మొదలుపెట్టినప్పుడు ధవళేశ్వరం కలిసిరావడానికి పక్కనే కొండరాయి దొరకడం ఒక కారణం. ఇలాంటి చోట, దాళ్వా చేలు పచ్చగా ఉన్న ఫిబ్రవరిలో, ఐసు మీద రాయి జారే ఆటను టీవీలో చూడ్డం భలే సరదాగా ఉంటుంది. 2026లో ఈ పోటీలు ఇటలీలోని కోర్టినాలో, 1956 ఒలింపిక్స్‌కు కట్టిన స్టేడియంలోనే జరిగాయి. అక్కడి సాయంత్రం ఆట మొదలయ్యేసరికి మనకు అర్ధరాత్రి కావచ్చేది. అయినా నిద్ర వచ్చేది కాదు.

ఒలింపిక్స్ రాళ్లకు పుట్టిల్లు ఐల్సా క్రెయిగ్. స్కాట్లాండ్ పడమటి తీరం దగ్గర సముద్రంలోంచి లేచిన చిన్న దీవి. ఇప్పుడది పక్షుల రక్షిత ప్రాంతం కాబట్టి బాంబులు పెట్టి పేల్చరు. వెనకటి క్వారీల్లో విడిపడి ఉన్న బండల్ని ఏరుకుని పడవల మీద తెచ్చుకుంటారు. 1851 నుంచి ఇదే పనిలో ఉన్న కేస్ సంస్థ వాటిని కోసి, గుండ్రంగా చెక్కి, నునుపు పెడుతుంది.

నాకు బాగా నచ్చిన ఒడుపు ఒకటుంది. ఆ దీవిలో దొరికే రాళ్లలో బ్లూ హోన్‌కు నీరు ఇంకదు. కామన్ గ్రీన్ దెబ్బకు ఓర్చుకుంటుంది. నీరు ఇంకే రాయైతే ఆ నీరు సందుల్లో గడ్డకట్టి ఉబ్బుతుంది, అంచు పెచ్చులూడుతుంది. అందుకని రాయికి రాయి కొట్టుకునే ఒళ్లంతా కామన్ గ్రీన్‌తో చేసి, ఐసును తాకే అడుగున బ్లూ హోన్ ముక్కను పొదుగుతారు. ఒక్కో రాయి గుణం తెలుసుకుని, దాని పని దానికి అప్పగించడమిది. మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌ను లోకమంతా కొనేది అందులో మెరిసే చుక్కల కోసం. కర్లింగ్ రాయిలో వెతికేది మెరుపును కాదు, బిగువైన సన్నటి రేణువును.

రాయి ఎంత గొప్పదైనా అద్దంలాంటి ఐసు మీద సరిగా నడవదు, దారిలోనే చతికిలబడుతుంది. కాబట్టి ఆటకు ముందు ఐసు మేస్త్రీ ఒకాయన వీపుకు నీళ్ల ట్యాంకు తగిలించుకుని, గొట్టం చివరి జల్లెడ మూతిని అటూ ఇటూ ఊపుతూ వెనక్కి వెనక్కి నడుస్తాడు. మన వరిచేలో మందు కొట్టే మనిషి చెయ్యి ఊపు అచ్చం అదే. ఒక చోట ఎక్కువా ఒక చోట తక్కువా పడకూడదు. లవణాలు తీసేసిన ఆ నీటి బొట్లు పడ్డచోటే గడ్డకట్టి చిన్నచిన్న బొడిపెలవుతాయి. ఆపైన బ్లేడు తోసుకుంటూ వెళ్లి వాటి తలలు సమంగా కోస్తారు. దాదాపు 45 మీటర్ల ఆ బాట మీద రాయి ఈ కోసిన తలల మీదుగా సాగుతుంది. మిగతా ఐసును అసలు తాకనే తాకదు. ఆటగాళ్ల పేర్లు తెర మీద పడతాయి. ఈ మేస్త్రీ పేరు కూడా పడాలని నా కోరిక.

విసిరేటప్పుడు పిడిని కొంచెం తిప్పి వదులుతారు. దారి పొడుగునా రాయి తిరిగేది రెండు మూడు చుట్లే. ఆ కాస్త తిరుగుడుతోనే చివర్లో ఒక పక్కకు ఒంగుతుంది. బల్ల మీద గ్లాసు బోర్లించి కుడివైపు తిప్పుతూ తోస్తే అది ఎడమకు పోతుంది. కర్లింగ్ రాయి కుడికే పోతుంది. ఎందుకన్నది భౌతికశాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. 2013లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం వాళ్లు, రాయి ముందంచు బొడిపెల మీద సన్నటి గీతలు గీస్తే వెనకంచు ఆ గీతల వెంట మళ్లుతుందని చెప్పారు. అందరూ ఒప్పుకోలేదు. బ్రష్షులతో రాయికి ముందు పరుగెత్తే ఆటగాళ్లు రుద్దితే ఐసు కాస్త వేడెక్కి, రాయి మరింత దూరం, మరింత తిన్నగా పోతుంది.

పురుషుల, మహిళల జట్ల మ్యాచ్‌కు 10 ఎండ్లు, అంటే 10 విడతలు. ఒక్కో ఎండ్‌లో జట్టుకు 8 రాళ్లు. రాళ్లు పోయిన కొద్దీ బొడిపెలు అరిగి బాట స్వభావం మారుతుంది. 2030లో ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో ఆటలు జరిగినప్పుడు కెప్టెన్ బ్రష్షు ఎక్కడ ఆనించి గురి చూపిస్తున్నాడో, రాయి చివరికి ఎక్కడ ఆగుతోందో చూడండి. మొదటి ఎండ్‌లో ఆ రెండింటి మధ్య ఉన్న ఎడం ఎనిమిదో ఎండ్‌కు అలాగే ఉండకపోవచ్చు. మంచి కెప్టెన్ ఆ తేడాను తన రాళ్లతో పాటు అవతలి జట్టు రాళ్లను చూసి కూడా పట్టేస్తాడు.