ఇంటివాళ్లు లేని ఆదివారం

చుట్టపుచూపుగా వెళ్లినచోట ఎలా మెలగాలో మనకు చిన్నప్పటి నుంచే నేర్పుతారు. చేతిలో పండో మిఠాయో ఉండాలి, పెట్టింది వంక పెట్టకుండా తినాలి, పొమ్మనకముందే బయల్దేరాలి. ఇవన్నీ ఇంటివాళ్లు ఎదురుగా ఉన్నప్పటి మర్యాదలు. వాళ్లు ఊరెళ్లి, పరాయి దేశంలో, పరాయి ఇంట్లో రోజంతా ఒక్కరమే ఉండాల్సి వస్తే ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ చెప్పరు. అతిథిగా ఉండటం కూడా ఒక విద్యే అనుకుంటే, అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం అదే.

జర్మనీ దక్షిణాన, నెకార్ నది ఒడ్డున ట్యూబింగన్ అనే చిన్న ఊరుంది. అక్కడి విశ్వవిద్యాలయం 1477 నాటిది. ఊళ్లో ఏ సందులోకి తిరిగినా విద్యార్థుల సైకిళ్లే. నేను దిగింది రిటైరైన ఒక సంగీతం టీచరుగారి ఇంట్లో. ఒక ఆదివారం పొద్దున్నే ఆవిడ ఉల్మ్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టారు. వంటింటి బల్ల మీద ఒక కాగితం రాసి ఉంచారు. కాగితాలు నీలం డబ్బాలో, పండ్ల తొక్కలు గోధుమరంగు డబ్బాలో వెయ్యాలి. పొద్దునా సాయంత్రమూ కిటికీలు బార్లా తెరిచి కాసేపు గాలి ఆడనివ్వాలి. గాజు సీసాలు మాత్రం ఇవాళ తీసుకెళ్లి పారెయ్యొద్దు.

సీసాలకు వీధి చివర పెద్ద డబ్బాలుంటాయి. అందులో సీసా పడితే భళ్లుమంటుంది కాబట్టి ఆదివారం వెయ్యరు. గడ్డి కోసే మిషన్ తిప్పరు, గోడకు డ్రిల్లింగ్ పెట్టరు. సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. ఇది ఇరుగుపొరుగు మొహమాటంతో నడిచే అలవాటు మాత్రమే కాదు. ఆదివారం విశ్రాంతి దినమని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో రాసుకున్నారు. 1949లో కొత్త రాజ్యాంగం వచ్చినప్పుడు ఆ అధికరణాన్ని అలాగే నిలుపుకున్నారు. అందుకే ఆ రోజు నిశ్శబ్దం నా ఒక్కరిదే అనిపించలేదు. వీధి వీధంతా తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంది. రోజుకో రకం హారన్ల మధ్య పెరిగిన నాకు అది మొదట బెరుకు పుట్టించింది. పదకొండయ్యేసరికి అలవాటైంది.

ఇలాంటి రోజున చాలామంది అతిథులు తమకిచ్చిన గదిలోనే ముడుచుకుని ఉండిపోతారు, ఆసుపత్రిలో డాక్టరు పిలుపు కోసం కూర్చున్నట్టు. అది వినయం కాదని నా నమ్మకం. తాళంచెవి ఇచ్చిన మనిషి ఇల్లంతా ఇచ్చింది. హాల్లో కూర్చోవాలి, ఆవిడ పుస్తకాల అర ముందు నిలబడాలి, వంటింట్లో పొయ్యి వెలిగించాలి. నేను పెరుగన్నం కలుపుకుని ఆవాలూ ఎండుమిర్చీ తాలింపు పెట్టుకున్నాను, కిటికీ తెరిచి. అలాగని బీరువాలు తెరవను, ఉత్తరాల వంక చూడను. మూత వేసి ఉన్న పియానోను ముట్టుకోలేదు. వాయించడం నాకు వచ్చినా ముట్టుకునేదాన్ని కాదు. ఇంకో రకం అతిథులూ ఉన్నారు. కృతజ్ఞత పట్టలేక గిన్నెలన్నీ కడిగి, తమకు తోచిన చోట సర్దేస్తారు. పాపం, ఆ తర్వాత వారం రోజులు ఇంటావిడ గరిటె కోసం వెతుక్కుంటుంది. తీసినచోటే పెట్టడం చిన్న మాటలాగే ఉంటుంది గానీ, దానికి కళ్లు బాగా పనిచెయ్యాలి. ఆ కప్పు పిడి ఏ వైపుకు తిరిగి ఉంది? తువ్వాలు మడతపెట్టి ఉందా, ఆరేసి ఉందా? ఇలా చూస్తూపోతే ఎదురుగా లేని మనిషి మెల్లగా అర్థమవుతుంది. ఆవిడకు ఎడమచేతి వాటమని నాకు ఆ రోజే తెలిసింది.

మధ్యాహ్నం నది వైపు నడిచాను. నెకార్ మధ్యలోని లంక మీద ప్లేన్ చెట్ల వరుస ఉంటుంది. దాని కింద నుంచి చూస్తే అవతలి ఒడ్డున పసుపు రంగు గుండ్రటి బురుజు ఇల్లు. కవి హోల్డర్లిన్ ఉన్నది అందులోనే. 1807లో, తన ముప్పై ఏడో ఏట, మతి చలించిందని, ఇక నయం కాదని ఆసుపత్రివాళ్లు పంపేస్తే, ఎర్న్‌స్ట్ త్సిమ్మర్ అనే వడ్రంగి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ వడ్రంగి అప్పటికే ఆయన నవల ‘హ్యుపేరియన్’ చదివి అభిమాని అయ్యాడు. మహా అయితే మూడేళ్లు బతుకుతాడన్నారు వైద్యులు. హోల్డర్లిన్ ఆ ఇంట్లో 36 ఏళ్లు బతికాడు. 1838లో త్సిమ్మర్ పోయాక కూతురు లొట్టె ఆయన్ను చూసుకుంది, 1843లో ఆయన కన్నుమూసేదాకా.

ఖర్చులకు కవి వైపు నుంచి డబ్బు అందేది, నిజమే. కానీ డబ్బుకు గది దొరుకుతుంది, ఓర్పు దొరకదు. ఆయన గంటల తరబడి గదిలో అటూ ఇటూ నడిచేవాడు, ఒకే రాగం పియానో మీద పదే పదే వాయించేవాడు, చూడవచ్చిన వాళ్లను మహారాజా అంటూ వంగి వంగి పలకరించేవాడు. ఆ ఇల్లు ఆయన్ను నడవనిచ్చింది, వాయించుకోనిచ్చింది. కిందేమో ఉలి చప్పుళ్లు, భోజనం వేళలు, పిల్లలు. పైన ఒక మనిషి ఏకాంతం. వేళకు అన్నం పెట్టడం ఎంత ఆతిథ్యమో, మనిషిని తన మానాన వదలడమూ అంతే ఆతిథ్యమని ఆ వడ్రంగికి ఎవరు చెప్పారో! ఆ బురుజు తర్వాత 1875లో కాలిపోతే మళ్లీ కట్టారు. ఇప్పుడది మ్యూజియం. నేను లోపలికి వెళ్లలేదు. చెట్ల కింద బెంచీ మీద కూర్చుని పొడుగాటి గడకర్రలతో పడవలు నడిపేవాళ్లను చూస్తూ ఉండిపోయాను.

మన ఇళ్లల్లో ఈ రెండో ఆతిథ్యానికి చోటు తక్కువ. చుట్టాన్ని ఒంటరిగా వదిలితే అవమానించినట్టే. బాత్రూమ్‌కు వెళ్లొచ్చేలోపు కూడా ఎవరో ఒకరు కబుర్లకు సిద్ధంగా ఉంటారు. ఆ ప్రేమలో పెరిగినదాన్ని, దాని విలువ తక్కువ చెయ్యను. కానీ దూరం నుంచి వచ్చిన మనిషికి, భాష రాని మనిషికి, రోజంతా నవ్వుతూ తలాడించడం ఎంత అలసటో అవతలి వైపు నిలబడ్డాకే తెలిసింది.

టీచరుగారు ఈ శీతాకాలం కాకినాడ మా ఇంటికి వస్తున్నారు. ఒక పూర్తి రోజు ఆవిడకు ఇల్లు అప్పగించి, మేమంతా పిన్ని వాళ్లింటికి వెళ్దామని అమ్మతో అన్నాను. "ఇంటికొచ్చిన మనిషిని వదిలేసి వెళ్తామా? ఊరేమనుకుంటుంది?" అంది. గ్యాస్ పొయ్యి ఎలా వెలిగించాలో, నీళ్ల మోటారు ఎప్పుడు కట్టాలో, కరెంటు పోతే ఏ స్విచ్చి వెయ్యాలో నేను ఇప్పటికే ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. పక్కింటి వాళ్లు తలుపు కొట్టి భోజనమైందా అని అడుగుతారని, దానికేం చెప్పాలో కూడా రాశాను. నిన్న అమ్మ ఆ కాగితం అడిగి తీసుకుంది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టొద్దని చివర్లో తన చేత్తో చేర్చింది.